పేటెంటు లేని పేటెంటు మందులు

నూరేళ్ల నాటి పంచాంగం చేతికి దొరికితే నేను ముందు చూసేది ఆదాయ వ్యయాలు కాదు, వెనక అట్ట. అసలు ఫలశ్రుతి అక్కడ ఉంటుంది. ఒక్క సీసా మందుతో తలనొప్పి, పంటిపోటు, తేలుకాటు, అజీర్తి, చలిజ్వరం, నడుంనొప్పి, నిద్రలేమి అన్నీ పోతాయి. పథ్యం లేదు. పిల్లలు, పెద్దలు, బాలింతలు ఎవరైనా పుచ్చుకోవచ్చు. సీసా ఇన్ని అణాలు, డజను తీసుకుంటే తగ్గింపు, వి.పి. ఖర్చులు ప్రత్యేకం. ఏజెంట్లు కావలెను. నకిలీలను చూచి మోసపోకుడు.

చదివి నవ్వుకోవడం తేలిక. మన ముత్తాతలు ఇంత అమాయకులా అనుకోవడం ఇంకా తేలిక. కానీ ఒక్కసారి ఆ ఊళ్లోకి వెళ్లి నిలబడండి. అర్ధరాత్రి పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సర్కారు ఆసుపత్రి తాలూకా కేంద్రంలో ఉంది. బండి కట్టుకుని బయల్దేరితే తెల్లవారాక గాని చేరరు. ఊరి వైద్యుడు పొరుగూరు వెళ్లాడు. గూట్లో మాత్రం పోయిన నెల పోస్టులో వచ్చిన సీసా ఉంది, దాని మీద కలరాకు రామబాణమని అచ్చులో రాసి ఉంది. ఆ మూత తీసిన తల్లిని మూర్ఖురాలనడానికి నాకు నోరు రాదు.

సీసాలో ఏం కలిపారన్న రహస్యం కన్నా ఆ సీసా ఆ గూట్లోకి ఎలా చేరిందన్న రహస్యం పెద్దదని నా అభిప్రాయం. దానికి ముందు, అసలు వీటికి పేటెంటు మందులన్న పేరు ఎలా వచ్చిందో చూద్దాం.

పేటెంటు అంటే కొత్తగా కనిపెట్టినవాడికి ప్రభుత్వం కొంతకాలం పాటు ఇచ్చే ఏకహక్కు. ఆ హక్కుకు ఒక షరతు ఉంది. కనిపెట్టినదేమిటో, ఎలా చేయాలో లోకానికి చెప్పేయాలి. గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. మందులవాళ్లకు గిట్టనిది సరిగ్గా ఇదే. పాళ్లు బయటపెడితే పక్క వీధివాడు రేపటికల్లా అదే కలిపి అమ్ముతాడు. అందుకని పేటెంటు మందులుగా చలామణీ అయినవాటిలో చాలావాటికి పేటెంటే లేదు. వాళ్లు దాచుకున్నది పాళ్లు, కాపాడుకున్నది పేరు, బొమ్మ, సీసా ఆకారం. చట్టం మాటల్లో చెప్పాలంటే అవి ట్రేడ్‌మార్కు మందులు.

పేరు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ పదిహేడో శతాబ్దంలో రాజుగారు కొన్ని మందులకు ముద్ర వేసిన అనుమతి పత్రాలు ఇచ్చేవారు. ఆండర్సన్స్ స్కాట్స్ పిల్స్ అనే మాత్రలకు 1687లో అలాంటి పత్రం దక్కింది. రాజుగారి ముద్ర ఉన్న మందు అంటే జనానికి గురి. ఆ గురి చూసి, పత్రం లేనివాళ్లు కూడా ఆ మాట తగిలించుకున్నారు. తరువాత 1783లో బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి మందులపై స్టాంపు పన్ను వేసింది. పన్ను కట్టినట్టు గుర్తుగా మూత మీద చీటీ అంటించాలి. అది కేవలం పన్ను రసీదు. కొనేవాడి కళ్లకు మాత్రం అది సర్కారువారి పూచీలా కనిపించింది. పన్ను వేసిన ప్రభుత్వమే తెలియకుండా ఆ మందులకు ప్రచారకర్త అయింది. ఆ పన్ను 1941 దాకా నడిచింది.

అక్కడ మొదలైన మందులు ఓడలెక్కి మన రేవుల్లో దిగాయి. థామస్ హాలోవే అనే ఆయన 1837లో లండన్‌లో లేపనం, మాత్రలు అమ్మడం మొదలుపెట్టాడు. వాటిలో చెప్పుకోదగ్గ వింత మూలికలేం లేవు. వింతంతా ఆయన ప్రకటనలకు పెట్టిన ఖర్చులో ఉంది. 1842లో ఏడాదికి 5 వేల పౌండ్లు పెట్టినవాడు, 1883లో చనిపోయేనాటికి 50 వేలు పెడుతున్నాడు. ప్రపంచంలో పత్రిక అచ్చయ్యే ప్రతిచోటా, ఆ చోటి భాషలో తన ప్రకటన ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ లాభంతో ఆడపిల్లల కోసం కట్టించిన కాలేజీ 1886లో తెరిచారు, ఇప్పటికీ లండన్ దగ్గర ఉంది. మాత్రల సొమ్ము చదువుకు చేరడం గుర్తుంచుకోండి, మన దగ్గర కూడా అలాంటి కథ ఒకటి వస్తుంది.

ఇంతకీ ఆ సీసాల్లో ఏముండేది?

క్లోరోడైన్ చూద్దాం, ఎందుకంటే దానికి మన దేశంతోనే సంబంధం. జె. కొల్లిస్ బ్రౌన్ ఇక్కడి సైన్యంలో డాక్టరు. కలరా కోసమని 1848లో ఆయన ఒక మిశ్రమం తయారు చేశాడు. నల్లమందు, గంజాయి సారం, క్లోరోఫాం అందులో ప్రధానం. తరువాత ఇంగ్లండు వెళ్లి డావెన్‌పోర్ట్ అనే మందుల వ్యాపారితో కలిసి దాన్ని అమ్మించాడు. తెల్లదొరల మందుపెట్టెలో అది లేకుండా ప్రయాణం ఉండేది కాదు.

క్లోరోడైన్ పనిచేసేదా? చేసేది, అక్కడే ఉంది చిక్కు. నల్లమందు పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. విరేచనాలు తగ్గుతాయి, కడుపునొప్పి అణుగుతుంది, రోగి మగతగా పడుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు అమ్మయ్య అనుకుంటారు. కానీ కలరాలో ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం. వాటిని మందు తిరిగి తెచ్చి ఇవ్వలేదు. నొప్పి పోయినట్టు కనిపించడం వేరు, జబ్బు పోవడం వేరు. పేటెంటు మందుల వ్యాపారమంతా ఈ రెంటి మధ్య సందులోనే సాగింది. పైగా నల్లమందుకు అలవాటుపడ్డవాడు జబ్బు తగ్గినా సీసా మానలేడు. అంతకన్నా నమ్మకమైన ఖాతాదారు ఏ అంగడికి దొరుకుతాడు?

క్లోరోడైన్‌కు ఒక కోర్టు కథ కూడా ఉంది. ఫ్రీమన్ అనే ఇంకొకాయన తానే కనిపెట్టానన్నాడు. 1864లో వ్యాజ్యం నడిచింది. న్యాయమూర్తి పేజ్ వుడ్, కనిపెట్టినవాడు నిస్సందేహంగా బ్రౌనే, ఫ్రీమన్ చెప్పింది కావాలని చెప్పిన అబద్ధం అని వ్యాఖ్యానించాడు. ఆ మాటలను బ్రౌన్ తరఫువాళ్లు దశాబ్దాల తరబడి ప్రకటనల్లో అచ్చు వేసుకున్నారు. కోర్టు తేల్చింది ఎవరు కనిపెట్టారన్న సంగతి. మందు జబ్బు తగ్గిస్తుందా లేదా అన్నది కోర్టు ముందు ఉన్న ప్రశ్న కాదు. చదివేవాడికి ఆ తేడా ఎలా తడుతుంది? జడ్జిగారే చెప్పారట అనుకున్నాడు.

బీచమ్స్ పిల్స్ సంగతి ఇంకో రకం. ఒక్కో డబ్బీ విలువ గినీ చేస్తుందని చెప్పుకునేవాళ్లు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో ఇలాంటి మందులను పరీక్ష చేయించి, గుట్టంతా ఒక పుస్తకంగా అచ్చు వేసింది. బీచమ్ మాత్రల్లో తేలినవి ముసాంబరం, అల్లం, సబ్బు. 56 మాత్రల ముడిసరుకు ఖర్చు అర ఫార్దింగు. అమ్మిన ధర ఒక షిల్లింగు, పెన్నీన్నర. పెన్నీకి నాలుగు ఫార్దింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. గుణించి చూస్తే ధర సరుకు ఖర్చుకు సరిగ్గా 108 రెట్లు వచ్చింది. అష్టోత్తర శతం! ముసాంబరం విరేచనకారి. మాత్ర వేసుకున్న మర్నాడు కడుపు కదిలితే మందు పట్టిందని తృప్తి. కళ్లకు కనబడే ఫలితం ఏదో ఒకటి ఉండాలని ఈ వ్యాపారులకు బాగా తెలుసు.

బ్రిటిష్ పార్లమెంటు కూడా ఒక సంఘాన్ని వేసి విచారణ జరిపించింది. ఆ సంఘం కఠినమైన నివేదిక ఇచ్చింది. అది వెలువడిన తేదీ 1914 ఆగస్టు 4, బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగిన రోజు. ఇక ఆ నివేదిక ఎవరికి కావాలి?

నమ్మకానికి మందు బలమే కారణం కాదు. చలిజ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. వణికించి, కాగి, చెమట పోసి దానంతటదే దిగుతుంది. దిగేముందు ఏ సీసా తాగితే ఆ సీసాకు పేరు. పడిశం వారంలో పోతుంది, నడుంనొప్పి నెలకోసారి తగ్గి మళ్లీ వస్తుంది. తగ్గినవాడు ఉత్తరం రాస్తాడు, తగ్గనివాడు ఇంకో మందు వెతుక్కుంటాడు, పోయినవాడు ఉత్తరం రాయడు. యోగ్యతాపత్రాల కట్టలో అందరూ బతికి బాగుపడ్డవాళ్లే కనిపించడంలో ఆశ్చర్యమేముంది!

ఇప్పుడు మన వైద్యం వైపు చూద్దాం. ఊరి వైద్యుడు నాడి చూస్తాడు, ఒంటి తత్వం చూస్తాడు, ఏం తిన్నావని అడుగుతాడు. ఒకే భస్మం ఒకరికి తేనెలో, ఇంకొకరికి అల్లం రసంలో. ఆ అనుపానం మారితే మందే మారినట్టు. పైన పథ్యం: చింతపండు మానాలి, వంకాయ మానాలి, మజ్జిగ మానాలి. మందు రోగిని బట్టి ఉంటుంది, దానికి ఊరూ పేరూ ఉండదు. సీసా ఈ లెక్కను తలకిందులు చేసింది. రోగి ఎవరైనా మందు ఒకటే. నాడి చూసేవాడు అక్కర్లేదు, చదువుకోగలిగితే చాలు, చదవలేకపోతే సీసా మీద బొమ్మ చాలు. పథ్యం లేదన్న చిన్నమాట ఎంత పెద్ద ఆకర్షణో పథ్యం చేసినవాళ్లకే తెలుస్తుంది. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని మనకు ఎలాగూ సామెత ఉంది. బొంబాయి నుంచో కలకత్తా నుంచో వచ్చిన సీసా పెరటిచెట్టు కాదు కదా.

మందు దూరం నుంచి రావాలంటే దారి కావాలి. రైలు కొంత చేసింది. అంతకన్నా ఎక్కువ చేసింది తపాలా. పోస్టుకార్డు 1879లో వచ్చింది, పావు అణా. దానికి రెండేళ్ల ముందు, 1877లో, వాల్యూ పేయబుల్ పోస్టు వచ్చింది. అదే మన ప్రకటనల్లోని వి.పి. వ్యాపారి పార్సిల్ పంపుతాడు. పోస్టుమాను ఇంటికి తెచ్చి, సొమ్ము పుచ్చుకుని, పార్సిల్ చేతికిస్తాడు. ఆ సొమ్ము వ్యాపారికి చేరుతుంది. ఇంతే యంత్రాంగం. ముఖం తెలియని మనిషికి ముందుగా డబ్బు పంపాలంటే ఎవరికైనా భయం. ముఖం తెలియనివాడికి సరుకు అరువివ్వాలన్నా భయమే. ఆ రెండు భయాలకూ పోస్టాఫీసు మధ్యవర్తిగా నిలబడింది. గుంటూరు పక్క పల్లెటూరి రైతు, బొంబాయి కంపెనీ ఒకరినొకరు నమ్మాల్సిన పని లేకుండానే వ్యాపారం సాగింది. పార్సిల్ విప్పేదాకా లోపల ఏముందో తెలియదు, విప్పాలంటే డబ్బు కట్టాలి. అదొక లొసుగు. ఎంతమంది విప్పి నిట్టూర్చారో లెక్క ఎవరు రాస్తారు?

పోస్టాఫీసే మందుల దుకాణమైన సందర్భమూ ఉంది. బెంగాల్‌లో 1892 నుంచి క్వినైను పొట్లాలను తపాలా కచేరీల్లో పైసాకొకటి చొప్పున అమ్మారు. మలేరియాకు నిజంగా పనిచేసిన మందు అదొకటి. దానికి బొమ్మ లేదు, పెద్ద ప్రకటన లేదు, పైగా చేదు.

దారిలో రెండో భాగం పత్రిక. తెలుగు పత్రికలకు చందాలతో గడవడం ఎప్పుడూ కష్టమే. చందాదారులు తక్కువ, చందా కట్టేవాళ్లు ఇంకా తక్కువ. కాగితం, సిరా, కూలి ఆగవు. ఆ లోటు పూడ్చేవి ప్రకటనలు, ప్రకటనల్లో మందులది పెద్ద పీట. పత్రిక ముందు పుటల్లో వేదాంతం, సంఘసంస్కరణ, దేశభక్తి, వెనక పుటల్లో ధాతుపుష్టి. సంపాదకుడికి ఆ రెంటినీ ఒకే దారంతో కుట్టక తప్పేది కాదు. ఈ ఇబ్బంది మనదొక్కరిదే కాదు. అమెరికాలో మందుల కంపెనీలు పత్రికలతో చేసుకున్న ఒప్పందాల్లో, మీ రాష్ట్రంలో మాకు వ్యతిరేకంగా చట్టం వస్తే ఈ ఒప్పందం రద్దు అన్న షరతు రాయించేవి. చట్టం రాకుండా చూసుకోవడం పత్రికల పని అయిపోయేది. కోలియర్స్ పత్రిక 1905లో ఈ గుట్టు బయటపెట్టే వ్యాసాలు వేసింది, మరుసటి ఏడాదే అక్కడ ఆహార ఔషధ చట్టం వచ్చింది. గాంధీ ఇంకో దారి పట్టారు. దక్షిణాఫ్రికాలో ఇండియన్ ఒపీనియన్‌లో మొదట ప్రకటనలు వేసి తరువాత మానేశారు, ఇక్కడి తన పత్రికల్లో వేయనేలేదు. ఆ నిష్ఠ అందరికీ సాధ్యమయ్యేది కాదు.

ఆనాటి ప్రకటనను చదవడం ఒక విద్య. మొదట జబ్బుల జాబితా వస్తుంది. చాలా పెద్దగా ఉంటుంది, అందులో ప్రతివాడికీ తనదొకటి దొరుకుతుంది. నీరసం, ఆకలి మందగించడం, పనిమీద మనసు నిలవకపోవడం, తెల్లవారి లేవబుద్ధి కాకపోవడం. ఇవి లేనిదెవరికి? ప్రకటన చదవకముందు బద్ధకం అనుకున్నది, చదివాక జబ్బయింది. జబ్బును ముందు పత్రికలో పుట్టించి, మందును తరువాత పోస్టులో పంపడం అన్నమాట.

ఆ తరువాత సిగ్గు. ధాతునష్టం, గుప్తరోగాలు, నెలసరి బాధలు, సంతానం లేకపోవడం. ఇంట్లో చెప్పుకోలేనివి, ఊరి వైద్యుడికి చెబితే ఊరంతా తెలిసేవి. పార్సిల్ అయితే గుట్టుగా వస్తుంది. జామ్‌నగర్‌కు చెందిన ఆతంకనిగ్రహ మాత్రల కంపెనీ కామశాస్త్రం మీద పుస్తకాన్ని అడిగినవారికి ఉచితంగా పంపుతానని దేశమంతటా ప్రకటించేది. అడిగితే పుస్తకం వస్తుంది, అడిగినవాడి చిరునామా కంపెనీకి చేరుతుంది. యువకుల భయాన్ని ఇలా సొమ్ము చేసుకున్న ప్రకటనలంటే నాకు ఈనాటికీ ఒళ్లు మంట. తలనొప్పి సీసా వాడు అతిశయోక్తి చెప్పాడు, పోనీ. వీళ్లు లేని జబ్బును ఉన్నదని చెప్పి ఒక తరం మగపిల్లలను బెదరగొట్టారు.

ఇక యోగ్యతాపత్రాలు. రాసేవాళ్లు ఎవరో చూడండి. జమీందారు, మునసబు, ప్లీడరు, హెడ్మాస్టరు, రిటైర్డు తహసీల్దారు. వైద్యులు అరుదు. మందు గురించి వీళ్లకు తెలిసిందేమీ లేదు, కానీ సంతకం పక్కన హోదా ఉంది. చివర నకిలీల హెచ్చరిక. అది నిజమైన భయమే, నకిలీలు ఉండేవి. కానీ ఆ హెచ్చరిక ఇంకో పని కూడా చేస్తుంది. నకిలీలు పుట్టాయంటే అసలుది గొప్పదై ఉండాలి కదా అనిపిస్తుంది. ఒకవేళ మందు పనిచేయకపోతే, నాకు దొరికింది నకిలీయేమో అనుకుంటాడు కొన్నవాడు. తప్పు మందుది కాకుండా పోతుంది.

దేశీయ వ్యాపారులు ఈ విద్యను దొరల దగ్గర నేర్చుకుని దొరలకే పోటీ నిలిచారు. కలకత్తాలో ఎస్.కె. బర్మన్ 1884లో మొదలుపెట్టిన మందుల వ్యాపారమే తరువాత డాబర్ అయింది. రసాయనశాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ 1892లో బెంగాల్ కెమికల్స్ పెట్టారు. ఆ కంపెనీ అమ్మిన ఒక సరుకు పేరు ఆక్వా టైకోటిస్. లాటిన్ పేరు చూసి జడుసుకోకండి, అది మన వాము నీళ్లు. ఇంట్లో అమ్మ ఇస్తే వాము, సీసాలో పోసి లాటిన్ చీటీ అంటిస్తే మందు. రాయ్ మోసగాడు కాడు, వాము కడుపు ఉబ్బరానికి మంచిదే. చీటీ మహిమ తెలిసిన మనిషి, అంతే.

అదే కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అమ్మిన తలనూనె పేరు కుంతలీన్. 1896లో ఆయన కథల పోటీ పెట్టాడు. కథలో కుంతలీన్ ప్రస్తావన రావాలి, కానీ ప్రకటనలా ఉండకూడదు. బహుమతి పొందిన కథలో సముద్రం మీదికి వచ్చిన తుఫాను ఒక సీసా తలనూనె పోయగానే శాంతిస్తుంది. రాసినవాడు శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్. బెంగాలీలో తొలినాటి సైన్సు కథల్లో దాన్ని లెక్కిస్తారు. 1903లో అదే పోటీలో గెలిచిన ఒక కథను శరత్ చంద్ర తన మేనమామ పేరు మీద పంపాడు. తలనూనె వ్యాపారి సాహిత్యానికి ఇంత చేశాడు.

మన దగ్గర కథ ఇంకా పెద్దది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు కలకత్తాలోనూ బొంబాయిలోనూ ఇతరుల దగ్గర పనిచేసి వ్యాపారం నేర్చుకున్నారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టించారని చెబుతారు. ఎంత తెలివైన పనో గమనించండి. కచేరీలో గంటల తరబడి కూర్చున్నవాడికి తల బరువెక్కుతుంది, చేతిలో నమూనా ఉంటుంది, పక్కవాడికి వాసన తగులుతుంది. అచ్చు ప్రకటన చేయలేని పని ఆ వాసన చేస్తుంది.

ఆ పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. అమృతం సరే, అంజనం అంటే కాటుక. అంజనం వేసి పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండేవారు, అంజనం వేసినా దొరకడం లేదని ఇప్పటికీ అంటాం. కంటికి పెట్టుకునే మాట నుదుటికి ఎక్కింది. అయితే ఇలాంటి బామ్‌లలో మంత్రం లేదు. పుదీనా సారమైన మెంథాల్, కర్పూరం వంటివి చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే నరాలను తట్టి లేపుతాయి. చర్మం వేడి తగ్గదు, తగ్గినట్టు మెదడుకు కబురు వెళుతుంది. ఆ కబురు సందడిలో నొప్పి కబురు కాస్త వెనకబడుతుంది. తలనొప్పికి మూలం పోదు, బాధ కాసేపు తగ్గుతుంది. చెప్పిన పనిలో కొంతైనా నిజంగా చేసే మందు కనుకనే అది నిలిచింది. నా దృష్టిలో నల్లమందు సీసాలకూ దీనికీ తేడా ఇదే. పైపూతగా వాడినంతవరకు ఇందులో ప్రాణం తీసేది లేదు, బానిసను చేసేది లేదు.

ఆ సొమ్ముతో నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పెట్టారు. 1914లో దాన్ని మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక. ఆంధ్ర గ్రంథమాల పేరిట చవకధరల్లో పుస్తకాలు. కొమర్రాజు లక్ష్మణరావు పోయాక ఆగిపోయిన విజ్ఞానసర్వస్వం పనిని తలకెత్తుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. తెలుగు సాహిత్యం ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో నడిచిన దారిలో సగం మైలురాళ్ల మీద కర్పూరం వాసన ఉంటుందంటే అతిశయోక్తి కాదు. మిగతా పత్రికలు మందుల ప్రకటనల మీద ఆధారపడ్డాయి. ఇక్కడ మందే పత్రికను కన్నది. ఇంకొకరి మందుకు తలవంచాల్సిన అవసరం అంతమేరకు తగ్గింది.

ఇదొక్కటే ఉదాహరణ అయితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరు నుంచి చిన్నతనంలో మద్రాసు చేరిన కె.ఎన్. కేసరి ఆయుర్వేద మందులతో కేసరి కుటీరం నడిపారు. ఆడవాళ్ల బాధలకు ఆయన అమ్మిన లోధ్ర ఇంటింటా తెలిసిన పేరు. 1928లో ఆయన గృహలక్ష్మి పత్రిక పెట్టారు, రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. లోధ్ర కొనేదీ, గృహలక్ష్మి చదివేదీ ఒకే ఇల్లాలు. పత్రిక పెట్టడంలో వ్యాపారం లేదని నేననను. ఆ వ్యాపారం వల్ల రాయగలిగిన ఆడవాళ్లు ఉన్నారని మాత్రం అంటాను.

హైదరాబాదులో జిందా తిలిస్మాత్ 1920లో వచ్చింది. హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ దాన్ని తయారుచేశారు. ప్రధానంగా యూకలిప్టస్ నూనె, తోడుగా కర్పూరం, మెంథాల్ లాంటివి. సీసా మీద బొమ్మ ఒక ఆఫ్రికా వీరుడిది. నిజాం సైన్యంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల దళం ఉండేది, వాళ్ల దేహబలం నగరానికి తెలుసు. చదువురానివాడు కూడా ఆ బొమ్మ చూసి మందు బలం ఎంతో ఊహించుకుంటాడు. తిలిస్మాత్ అంటే మాయ, ఇంద్రజాలం. బొంబాయిలో అంజనం, హైదరాబాదులో తిలిస్మాత్. భాషలు వేరు, ఎత్తు ఒకటే.

చట్టం నింపాదిగా వచ్చింది. బజారులో నకిలీ క్వినైను పెరిగిపోయిందన్న గోల మీద 1927లో కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో తీర్మానం వచ్చింది. 1930లో లెఫ్టినెంట్ కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన సంఘం వేశారు. 1931లో నివేదిక ఇచ్చింది. చట్టం కావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది, 1940. అందులో కూడా ఆయుర్వేద, యునానీ పద్ధతుల్లో మాత్రమే తయారైన మందులను డ్రగ్ అనే మాటలోంచి తప్పించారు. మన వైద్యాన్ని ఇంగ్లీషు ప్రయోగశాల కొలవలేదన్న వాదనలో కొంత న్యాయం ఉంది. దాని నీడలో శాస్త్రోక్తంగా మందు చేసే వైద్యుడితో పాటు, చేతికొచ్చింది కలిపి ఆయుర్వేదం అని చీటీ అంటించినవాడు కూడా తలదాచుకున్నాడు. ఆ మందులను చట్టం కిందికి తెచ్చింది 1964 సవరణ.

ప్రకటనల సంగతి 1954లో వేరే చట్టం చేసి తేల్చారు. మందులు, మాయా చికిత్సల చట్టం అనవచ్చు. ఫలానా జబ్బులను నయం చేస్తామని ప్రకటించకూడదంటూ జబ్బుల జాబితా ఒకటి పెట్టారు. గర్భస్రావం, సంభోగశక్తి, నెలసరి దోషాల మందుల ప్రకటనలు నిషేధించారు. తాయెత్తు, మంత్రం, కవచం కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానా దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది, ప్రకటన కూడా వాక్‌స్వాతంత్ర్యమే అని వాదించింది. 1959 డిసెంబరులో తీర్పు వచ్చింది. నిషేధించిన మందులను అమ్ముకోవడానికి వేసే ప్రకటనకు ఆ రక్ష లేదని కోర్టు చెప్పింది. జాబితాలోకి కొత్త జబ్బులను చేర్చే అధికారాన్ని, సరుకు స్వాధీనం చేసుకునే సెక్షనును మాత్రం కొట్టేసింది. చట్టం మిగిలింది. దాని అమలు గురించి పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు, ఏ బస్‌స్టాండు గోడ చూసినా తెలుస్తుంది.

చివరగా ఒక మనవి. పాత పత్రికలను గ్రంథాలయాల్లో బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పుటలు పనికిరావని చింపి పారేయడం రివాజు. భారతి సంపుటాలు తిరగేస్తే కవిత్వం దొరుకుతుంది, వ్యాసం దొరుకుతుంది, ఆ సంచికను నిలబెట్టిన ప్రకటన చాలాచోట్ల దొరకదు. భారతి, ఆంధ్రపత్రిక రెండూ 1991లో ఆగిపోయాయి, కొత్త ప్రతులు రావు. మీ ఇంటి అటకమీద పాత పంచాంగమో, ఉగాది సంచికో, మందుల కంపెనీ క్యాలెండరో ఉంటే పాతకాగితాలవాడికి వేయకండి. బైండు చేయిస్తే వెనక అట్ట కూడా కలిపి కుట్టమని చెప్పండి.